మా చిన్నమ్మ తినని నల్లేరు

ఎమ్మిగనూరులో మా బంధువులను ఎవరిని అడిగినా మా చిన్నమ్మ కుడిచేయి ఎందుకు అతుక్కోలేదో చెబుతారు. ఆస్పత్రివాళ్ళు వద్దన్నా వినకుండా దొంగతనంగా నల్లేరు పచ్చడి తిన్నదట, మందుకూ దానికీ పడలేదట. ఈ కథ చెప్పేవాళ్ళలో చాలామంది తమ ఇంట్లో ఎవరికి కాలు విరిగినా ముందు చేనిగట్టుకు పరుగెత్తి నల్లేరు కోసుకొచ్చేవాళ్ళే. ఇంకొకరి తప్పు చెప్పుకునే సుఖంలో సొంత వంటింటి సంగతి గుర్తుకు రాదు.

ఆ కథ అబద్ధం. అది పుట్టిన గదిలో నేనున్నాను, పుట్టించినవాళ్ళలో నేనొకణ్ణి.

అప్పట్లో నేను ఆదోనిలో ఒక ఎముకల ఆస్పత్రిలో పనిచేసేవాణ్ణి. పిండికట్ల కోసం పొడిలో నీళ్ళు కలపడం, రోగులను ఎక్స్‌రే గదికి తీసుకుపోవడం, పేర్లు పిలవడం నా పని. మా పెద్ద డాక్టరుకు ఉన్నట్టుండి పరిశోధన చేయాలనే ముచ్చట పుట్టింది. నల్లేరు ఎముకను తొందరగా అతికిస్తుందని మన వైపు ఆడవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నదే. దాన్ని పొడి చేసి గొట్టం మాత్రల్లో నింపి అమ్మాలనుకున్న కంపెనీ ఒకటి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఎముక విరిగి వచ్చినవాళ్ళలో సగం మందికి నల్లేరు మాత్ర, సగం మందికి ఉత్త మాత్ర. ఎవరికి ఏది అందుతుందో వాళ్ళకూ తెలియకూడదు, మాకూ తెలియకూడదు. ఎక్స్‌రేలు ఉచితం. ఎవరి ఎముక ముందు అతుక్కుందో చూసి లోకానికి చెప్పాలి. ఆలోచనలో తప్పు లేదు. అది మా చేతుల్లో పడింది, అంతే.

నా మెడలో ఒక బిళ్ల వేసి కోఆర్డినేటర్ అన్నారు. ఆ మాట నేను సరిగా పలకడానికి వారం పట్టింది. బిళ్ల వేసుకుని టీ అంగడికి కూడా పోయేవాణ్ణి.

ఇంట్లో నల్లేరు తినొద్దని రోగులకు చెప్పడం, వచ్చినప్పుడల్లా తిన్నారా అని అడగడం నా బాధ్యత. పత్తి మార్కెట్టులో బేళ్ళు మోసే ఒకాయన కాలు విరిగి వచ్చాడు. అడిగితే, "అయ్యో, ల్యా సార్" అన్నాడు. పక్కన ఆయన భార్య కొంగు చాటున చేతులు గోక్కుంటోంది. చేతులకు నూనె రాసుకోకుండా నల్లేరు కాడలు ఒలిస్తే వచ్చే దురద అది.

"చేతులకేమైందమ్మా?" అన్నాను.

"ఏం ల్యాదన్నా. పత్తి తీసేకి పోయింటి."

నడి ఎండాకాలంలో ఎవరి చేలో పత్తి తీసిందో నేను అడగలేదు.

కొందరికి ఆ మాత్రం దాపరికం కూడా లేదు. మణికట్టు విరిగిన ఒక సాయిబుల బీబమ్మ, "తింటాండామంటే పేరు కొట్టేస్తారంట గదా అన్నా, అందుకే ల్యాదంటాండాము" అని నా మొహానే చెప్పింది. వరండాలో బెంచీ మీద మాత్రలు విప్పి పోల్చుకునేవాళ్ళు.

"నీది పచ్చగుందే. నాది సూడు, సున్నం మాదిరి తెల్లగుంది. నీకు యాడో సిఫార్సు ఉండాల."

"సిఫార్సు ఉంటే ఈ బెంచీ మీద నీ పక్కన కూర్చుంటానా?"

తెల్ల పొడి వచ్చినవాళ్ళు ఇంటికి పోయి రొట్టెలోకి పచ్చడి రెండింతలు వేసుకునేవాళ్ళు. అంటే మేము నల్లేరు తినేవాళ్ళను, నల్లేరు తినేవాళ్ళతోనే పోల్చి చూస్తున్నాం. ఈ సంగతి ఒకసారి డాక్టరు చెవిన వేశాను.

"నువ్వు అడిగితే ఏమన్నారు?"

"తిన్లేదన్నారు సార్."

"అయితే తినలేదు."

ఇంత చదువు చదివిన మనిషికి ఆ వరండాలో ఒక్క పూట కూర్చుంటే తెలిసిపోయేది. ఆయన తలుపు తీసుకుని బయటికి వస్తే గదా.

అటువంటప్పుడు మా చిన్నమ్మ పడింది. మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు, ఆమె రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇస్తుంది. శ్రావణంలో ఉరుకుంద గుడికి పోయి వస్తూ, కిక్కిరిసిన బస్సులోంచి దిగబోయి కుడిచేతి మీద పడింది. భుజానికీ మోచేతికీ నడుమ ఎముక విరిగింది. అంత చిన్న పాటుకే విరిగిందంటే ఎముకలు గుల్లబారాయన్నమాట అన్నాడు డాక్టరు ఫిల్ము వెలుతురుకు పట్టి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో సంతోషం కనిపించింది. అటువంటి ఎముకలవాళ్ళు పరిశోధనకు కావాలని అంతకు ముందే అన్నాడు. నాకూ సంతోషమే. అబద్ధమాడని మనిషి ఒక్కరైనా దొరికారు అనుకున్నాను.

"చిన్నమ్మా, నల్లేరు మాత్రం ముట్టొద్దు. నా పరువు పోతుంది" అన్నాను.

ఆమె ముట్టలేదు. కోడలు పుట్టింటినుంచి గిన్నె నిండా పచ్చడి తెస్తే, "మావాడు వద్దన్నాడు" అని పక్కింటికి ఇచ్చేసింది. మాత్రలు మాత్రం వేళకు వేసుకునేది. విప్పి చూస్తే ఆమెవి పచ్చవి, ఆ సంగతి డాక్టరుకూ చెప్పాను.

నెలలు గడిచాయి. తక్కినవాళ్ళ ఎముకలు అతుక్కుంటున్నాయి, ఆమెది అతుక్కోలేదు. ఫిల్ములో రెండు ముక్కల నడుమ సందు నాకే కనిపించింది. మామూలుగా అయితే ఆ దశలో చేయి కోసి, ప్లేటు వేసి, తుంటి నుంచి కాస్త ఎముక తీసి ఆ సందులో పెడతారు. కానీ మధ్యలో ఆపరేషన్ చేస్తే ఆమె పరిశోధనలోంచి పోతుంది. ఆఖరి ఎక్స్‌రే దాకా ఆగమను అన్నాడు డాక్టరు. ఆగమని నేను చెప్పాను. పరాయి మనిషి చెప్పి ఉంటే ఆమె కర్నూలుకు పోయేది. చెప్పింది అక్క కొడుకు. ఆగింది.

ఆఖరి ఎక్స్‌రే వచ్చేసరికి చేయి విరిగినచోట జోలాడుతోంది. పచ్చ మాత్రలు మింగి కూడా అతుక్కోని చేయి ఆ కంపెనీకి పనికి రాదు. డాక్టరు చిన్నాయనను, చిన్నమ్మను లోపలికి పిలిపించాడు.

"ఇంట్లో నల్లేరు పెట్టింటారు గదా? వద్దంటే వినరు మీరు. రెండూ కలిస్తే ఇట్లే అవుతుంది."

"ల్యాదు సార్, ముట్టనే ల్యాదు" అన్నాడు చిన్నాయన.

"అందరూ అదే అంటారు." డాక్టరు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, వీళ్ళు తింటారా, తినరా?"

"తింటారు సార్" అన్నాను.

అందరి సంగతీ అన్నానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. ఆ గదిలో రోగి అంటూ ఉన్నది ఆమె ఒక్కతే. ఆమె నా బిళ్ల వైపు చూసింది, నా మొహం చూడలేదు. నియమం తప్పిందని ఆమెను లెక్కలోంచి తీసేశారు.

ఆస్పత్రిలో పనిచేసే కొడుకు వరసవాడే చెప్పాక చిన్నాయన ఇంకెవరిని నమ్ముతాడు? బస్సులోనే మొదలుపెట్టాడట. మందు చెడగొట్టుకున్నదానికి ఆపరేషన్ కూడానా అన్నాడు. కండెలు చుట్టడానికి పక్క వీధినుంచి ఒకామెను పెట్టుకున్నాడు. నేను ఎమ్మిగనూరు పోవడం తగ్గించాను.

పరిశోధనలో రెండు రకాల మాత్రలకూ తేడా ఏమీ తేలలేదు. ఎట్లా తేలుతుంది? కంపెనీవాళ్ళు మళ్ళీ రాలేదు. డాక్టరు మాత్రం ఏదో సభలో దాన్ని చదివి, తెచ్చుకున్న పత్రాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించాడు. నేను ఆ ఉద్యోగం మాని మందుల అంగడిలో చేరాను. పశ్చాత్తాపంతో మానలేదు. కోఆర్డినేటర్ అని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు, అందుకు మానాను.

మొన్న ఎమ్మిగనూరులో బంధువుల ఇంట్లో నిశ్చితార్థం. చిన్నమ్మ బంతిలో చివర కూర్చుని ఎడమచేత్తో స్పూనుతో తింటోంది. వడ్డించేవాడు పచ్చడి గిన్నె పట్టుకొస్తే మా మేనత్త, "ఆమెకు సూసి వెయ్యప్పా, నల్లేరేమో" అంది. బంతి అంతా నవ్వింది. చిన్నమ్మ నవ్వలేదు, తలెత్తలేదు.

నేను లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె తినలేదని, మిగతావాళ్ళందరూ తిన్నారని, ఆగమన్నది నేనని, డాక్టరు గదిలో అబద్ధమాడింది నేనని. మేనత్త నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"అట్లయితే తినకనే అతకల్యా. ఈడు వద్దంటే మాత్రం, ఈమెకు బుద్ధి ల్యాకపాయనా?"

"అవును మల్లా" అన్నారు ఇద్దరు ముగ్గురు. నిమిషంలో అందరూ ఒప్పేసుకున్నారు. ఇన్నేళ్ళు తిన్నందుకు తిట్టారు, ఇకనుంచి తిననందుకు తిడతారు. వాళ్ళకు కావలసింది నిజం కాదు, తిట్టడానికి చిన్నమ్మ. నల్లేరు తిని ఉంటే అతుక్కునేదని నేనూ అనను. అది తేల్చడానికి పెట్టిన పనినే మేము పాడుచేశాం. వేళకు ఆపరేషన్ చేయించి ఉంటే ఆమె చేయి ఆమెకు ఉండేదని మాత్రం నాకు తెలుసు.

బంతి లేచాక చిన్నమ్మ నేనున్న అరుగు దగ్గరికి వచ్చింది.

"అయిందా సెప్పేది?"

"అయింది చిన్నమ్మా."

"నేను తిన్లేదని నాకు తెల్దా? దానికి ఇంతమందిని కూడేసి సెప్పల్నా? చేయి సంగతి సెప్పు. ఇప్పుడు కోస్తే అతుక్కుంటాదా?"

నిజం ఎట్లా చెప్పాలా అని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నానే గానీ, ఆ చేయి గురించి ఒక్క డాక్టరునైనా అడిగి రాలేదు. ఆ పని నాకు తట్టనే లేదు.

"కనుక్కుంటాను" అన్నాను.

"ఎప్పుడు?"

ఫోను తీసి, కర్నూలులో ఎముకల ఆస్పత్రిలో పనిచేసే తెలిసినాయన నంబరు నొక్కాను. లోపల తాంబూలాలు పంచుతూ ఆమెను పిలుస్తున్నారు. ఆమె పోలేదు. ఫోను స్పీకరులో పెట్టమని చెప్పి, వినడానికి నా ఎదురుగా అరుగు మీద కూర్చుంది.