గడప లేని గది

తెలంగాణ వచ్చిన ఏడాది నేను మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒంటిగది ఫ్లాటు అద్దెకు తీసుకున్నాను. బజారు రోడ్డు మీద కొత్త బిల్డింగు, మూడో అంతస్తు. మంచం, గ్యాసు పొయ్యి, నేను, అన్నీ ఆ ఒక్క గదిలోనే. కింద ఆటోల హారన్లు పొద్దున మొదలైతే ఆగేవి కావు. అంత గోలలోనూ నాతో మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు.

"గడప కూడా పెట్టించలేదు చూడండి, చక్రాల సూట్‌కేసు జర్రున లోపలికొస్తుంది" అని ఓనరు మరాఠీలో మురిసిపోయాడు. కోర్పనా దగ్గర మా ఊళ్లో, శుక్రవారం గడపకు పసుపు రాయకుండా అమ్మ టీ కూడా తాగనిచ్చేది కాదు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? తలుపును ఆనుకుని వరండాలో ఉన్న తెల్లటి టైలు మీదే అడ్డంగా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి టైలు తళతళలాడుతోంది. ప్రతి శుక్రవారం ఇదే వరస.

తుడిచేది ఎవరో నాకు తెలుసు. లాల్‌పేట్ బస్తీ నుంచి వచ్చి వరండాలు కడిగే పెద్దావిడ. అందరిలాగే నేనూ ఆమెను మావ్‌శీ, అంటే మరాఠీలో పిన్నీ, అనేదాన్ని. "తుడవొద్దు" అని మరాఠీలో చెప్పి, జవాబు వినకుండా తలుపేసుకున్నాను. మళ్లీ తుడిచింది. ఒళ్లు మండింది. ఇల్లు అనుకోవడానికి నాకున్నది ఆ కాస్త పసుపే, అదీ ఉండనివ్వదా?

తెలుగులో తిట్టడానికి కూడా జంకే రోజులవి. "మీ రాష్ట్రం వచ్చేసిందిగా, ఎప్పుడెళ్తున్నావు?" అని ఆఫీసులో నవ్వేవారు. మా పొలమూ ఇల్లూ మహారాష్ట్రలోనే ఉన్నాయి, ఎక్కడికి పోను? అమ్మ ఫోను చేస్తే కిటికీ మూసి, గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని.

పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోవస్తుంటే, మళ్లీ రాద్దామా అని ఓనరు అడిగాడు. వద్దన్నాను. ఆ ఒంటరితనం ఇక నావల్ల కాలేదు. మా ఊరికి దగ్గర్లోని గడ్‌చాందూర్‌కు బదిలీ అడిగి మరీ తీసుకున్నాను.

ఆఖరి శుక్రవారం సెలవు పెట్టి సామాను సర్దుతున్నాను. పసుపు పూసి లేచానో లేదో, మావ్‌శీ తడిగుడ్డతో వచ్చింది. ఇక ఆగలేకపోయాను.

"నీ చేతులిరగ! ఈ ఒక్కరోజన్న ఉంచరాదా!" అని తెలుగులోనే అరిచాను.

ఆమె వంగినదల్లా లేచి నిలబడింది.

"మీరు మనోళ్లా?"

అవునన్నట్టు తలూపాను.

"గడపుంటే దాటుతరు బిడ్డా. గిది నేల. వరండాల వచ్చెటోళ్లు పోయెటోళ్లు చెప్పులతోటి పసుపు తొక్కుతున్నరు. పాపమని తుడుస్తున్న. గుడ్డ సుత వేరేది పెట్టిన. పిండిన నీళ్లు మోరీల పొయ్యలే, కింద తులసికి పోస్తున్న."

"ఒక్కసారన్న తెలుగుల మాట్లాడకపోతివి?"

"మీ రాజ్యంకు పో అంటరని నోరు మూస్కున్న."

పెట్టె విప్పి రెండు కప్పులు తీసి టీ పెట్టాను. పదకొండు నెలల్లో ఆ గదిలో కూర్చున్న మొదటి మనిషి ఆమె. కట్టిన మూటల వైపు చూసి, ఎందుకు పోతున్నావని అడిగింది.

"మాట్లాడెటందుకు ఎవ్వరు లేరని" అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది.

"మొదటి శుక్రారమే గట్ల తిడితే అయిపోతుండె గద బిడ్డా."