గవర్నరు సంతాప సభలో సైరన్

మధ్యాహ్నం మూడుంబావుకు రీడింగ్ రూమ్ వెనక టీ అంగట్లో రెండో విడత పాలు కాగాయి. బంగారు గనులు మూతపడి షిఫ్టు సైరన్లు ఆగిపోయాక, ఆ రోజుల్లో రాబర్ట్‌సన్‌పేటలో మా వీధికి టైము చెప్పేవి ఆ పాలే. రెండింటికి మొదలు కావలసిన సంతాప సభ ఎంత ఆలస్యమైందో నాకు ఆ వాసనను బట్టే తెలిసింది. అప్పటికి నేను రీడింగ్ రూమ్‌లో కొత్తగా చేరిన లైబ్రేరియన్ని. (లైబ్రేరియన్ అంటే పొద్దున తలుపు తీయడం, పేపర్లు సర్దడం, సాయంత్రం నిద్రపోతున్న పాఠకులను లేపి పంపడం.) బూదికోట వైపు పల్లెలో పుట్టి, మా ఊళ్ళో వకీలుగా పనిచేసి, ఎమ్మెల్యే అయి, చివరికి ఎక్కడో దూరపు రాష్ట్రానికి గవర్నరుగా వెళ్ళిన పెద్దమనిషి ఆ నెలలోనే పోయారు. ఆయన ఇంటినిండా ఉన్న పుస్తకాలను ఆయన భార్య ఎవరికైనా ఇచ్చేయాలనుకుంటున్నారని తెలిసింది. బెంగళూరులో ఒక కాలేజీ వాళ్ళు వాటికోసం ఆయన పేరుతో గదే కట్టిస్తామన్నారట. మా దగ్గర ఉన్నది ఒక బీరువా, దానికీ ఒక తలుపు లేదు. అయినా ఆ పుస్తకాలు నాకు కావాలి. సభ ఘనంగా జరిగితే ఆవిడ మనసు మావైపు తిరుగుతుందని నా లెక్క.

ఘనంగా జరిపించడానికి మాకు రిటైరైన హెడ్మాస్టరు ఒకరు ఉన్నారు. ఊళ్ళో ఎవరు పోయినా మొదటి దండ ఆయనదే కాబట్టి అందరూ ఆయన్ని పూలదండ మేష్టారు అనేవాళ్ళు. ఆయన ఉపన్యాసానికి నేను సాయం చేశాను. ధీరోదాత్తుడు, కరుణాసముద్రుడు, ప్రజాహృదయ సింహాసనాధీశుడు, ఇలాంటివన్నీ నేను ఏరి ఇచ్చినవే. అది చాలదని, మౌనం పాటించే ముందు సైరన్ మోగిద్దామని కూడా నేనే అన్నాను. పెద్ద ఊళ్ళలో అలా చేస్తారని ఎక్కడో చదివాను. గనిలోకి దిగే షాఫ్టు దగ్గర పనిచేసి రిటైరైన సైరన్ మామ ఇంట్లో చేత్తో తిప్పే సైరన్ ఒకటి ఉండేది. గని సామాను పాత ఇనుము కింద అమ్ముడుపోతున్నప్పుడు కొని తెచ్చుకున్నాడు. ఎందుకని అడిగితే “ఉండనీ” అనేవాడు.

“రెండుకే తిప్పల్ల సారూ. రెండు అంటే షిఫ్టు టైము. ఎవురికీ బెదురుండదు” అన్నాడు మామ. నేను తలూపాను. బెదురు ఎందుకని అడగలేదు. మాది గనుల్లేని బేతమంగళ, నాకు తెలిసిన మోత బస్సు హారన్ ఒక్కటే.

గవర్నరమ్మ (ఊరంతా ఆవిడను అలాగే పిలిచేది) కారు దారిలో ఆగిపోయి, మూడున్నరకు వచ్చింది. హాలు నిండుగా ఉంది. ఎక్కువమంది ముసలివాళ్ళు, గనిలో దిగినవాళ్ళు, వాళ్ళ భార్యలు. మేష్టారు నా విశేషణాలను ఒక్కటీ వదలకుండా చదివారు. ప్రజాహృదయ సింహాసనం దగ్గర గవర్నరమ్మ చేతి గడియారం చూసుకున్నారు. పుస్తకాలు బెంగళూరు బస్సెక్కుతున్నట్టు అనిపించింది నాకు. రెండుకే, సభ మొదట్లో అనుకున్న మౌనం ఆలస్యం గొడవలో చివరికి జరిగింది. అందరూ లేచి నిలబడ్డారు. నేను కిటికీలోంచి పెరట్లోకి చెయ్యి ఊపాను.

“టైము దాటిపోయింది గదా సారూ!” అన్నాడు మామ.

“ఫరవాలేదు మామా, తిప్పు!”

తిప్పాడు. అది చిన్న యంత్రమే గానీ గొంతు పెద్దది. హాల్లో క్షణంపాటు నిజంగానే మౌనం. తర్వాత ముందు వరసలో ఒక ముసలావిడ “యేసప్పా!” అని చెప్పులు వదిలేసి బయటికి నడిచింది. ఆ వెనకే ఇంకొకావిడ. కుర్చీలు పడ్డాయి. షిఫ్టు వేళ కాని వేళ సైరన్ మోగిందంటే లోపల రాయి పేలిందని, ఎవరో దాని కింద ఉన్నారని అర్థం. పొయ్యి మీద ఏమున్నా వదిలి షాఫ్టు గేటు దగ్గరికి పరుగెత్తడం అక్కడి ఆడవాళ్ళకు తల్లుల నాటి నుంచి అలవాటు. గని మూతపడిన సంగతి అందరికీ తెలుసు, కాళ్ళకు తెలియలేదు. సైరన్ మామ కూడా, స్వయంగా తిప్పిన మనిషి, పిడి వదిలేసి వాళ్ళతో పరుగెత్తాడు. గవర్నరమ్మ గని కూలీల లైను ఇళ్ళలో పుట్టిన మనిషని నాకు అప్పటిదాకా తెలియదు. ఆవిడ మూడో వరసలో వాళ్ళను దాటేసి వెళ్ళారు. వెంట వచ్చిన కానిస్టేబులు ఆవిడ హ్యాండ్‌బ్యాగు పట్టుకుని వెనకాల పరుగు. వేదిక మీద మేష్టారు, నేను, గవర్నరు పటం మిగిలాం. “ఇదీ మీ ప్రోగ్రాంలో ఉండాదా?” అని అడిగారు మేష్టారు.

మేము చేరేసరికి తాళం వేసిన గేటు ముందు అందరూ రొప్పుతూ నిలబడి ఉన్నారు. లోపలి వాచ్‌మన్ తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

“ఏమప్పా, ఊరంతా ఈడికొచ్చినారు?”

“లోపల ఎవురుండారు?” అంది చెప్పులు లేని ముసలావిడ.

“ఎవురుంటారమ్మా? నీళ్ళుండాయి.”

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కొంగుతో కళ్ళు తుడుచుకున్నవాళ్ళు నవ్వుకే తుడుచుకున్నారో ఏమో. నేను క్షమించమని చెప్పబోతే గవర్నరమ్మ వినలేదు. ముసలావిడ ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది.

“మా ఆయన లోపల రాయి కింద ఉండినప్పుడు నీ మొగుడు ఈడనే నిలబడినాడమ్మా. పైకి తెచ్చేదాకా పోలేదు. ఒక్క మాట చెప్పలేదు. కాఫీ తెచ్చిచ్చినాడు, అంతే. ఇంగ మా ఆయన పింఛనీ వచ్చేదాకా ఆఫీసుకు నా వెంట తిరిగినాడు.”

“ఇంట్లో నాకు చెప్పనే లేదే” అన్నారు గవర్నరమ్మ.

“చెప్పేదానికేముండాది?”

ఇంకొకరు బూదికోట బస్సు ఆయన వల్లే వచ్చిందన్నారు. ఆ బస్సు ఎప్పుడూ లేటేనని మరొకరు అన్నారు. మైకు లేదు. విశేషణాలు లేవు. మేష్టారు చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

తిరిగి వస్తుంటే గవర్నరమ్మ నన్ను అడిగారు. “ఆయన పుస్తకాలు మీకిస్తే పెట్టుకునేకి చోటుండాదా అప్పా?”

నేను తయారుచేసుకున్న జవాబు వేరే. నోట్లోంచి వచ్చింది మాత్రం “లేదమ్మా. బీరువాకు తలుపు కూడా లేదు” అని.

“లా పుస్తకాలు కాలేజీకి పోనీ. కథలూ చరిత్రా మీకు పంపిస్తా. ముందు తలుపేయించు.”

పంపించారు. రెండు వ్యాన్లు. నేను మూడు బీరువాలు చేయించమని కమిటీని వేధించి, అందరికీ విసుగు పుట్టించాను. అవన్నీ చదివాను కూడా. ఇప్పుడు ఎవరైనా పోతే నన్ను నాలుగు మాటలు మాట్లాడమంటారు. ఒక్క విశేషణం వేయకుండా ముగిస్తాను. ఈయనకు భాష సరిగా రాదేమోనని కుర్రవాళ్ళు గుసగుసలాడుకోవడం వినిపిస్తుంది. నవ్వు వస్తుంది.

గవర్నరు పోయిన రోజున ఏటా, కొన్నేళ్ళపాటు మేమంతా ఆ గేటు దగ్గరికి నడిచి వెళ్ళి, కాసేపు ఊరకే నిలబడి, కాఫీ తాగి వచ్చేవాళ్ళం. ముసలావిడ పోయింది, మామ పోయాడు, మేష్టారూ పోయారు. ఇప్పుడు ఎవరూ వెళ్ళడం లేదు.