యాసిన్ గారు అంటించిన స్టిక్కర్లు

చల్లపల్లిలో మా డేటా ఎంట్రీ సెంటర్ తెరిచింది 1999 జూలైలో. బియ్యం మిల్లు ఆఫీసు పైన పొడవాటి హాలు. ఇరవై నాలుగు కంప్యూటర్లు, ఇరవై నలుగురం ఆడపిల్లలం. నేను కూచిపూడి నుంచి బస్సులో వచ్చేదాన్ని. డిగ్రీ అయిపోయి రెండేళ్ళు ఖాళీగా ఉన్నాక దొరికిన మొదటి ఉద్యోగం అది. ఏవో దేశాల ఆసుపత్రుల్లోని పాత రికార్డులు చూసి అక్షరం పొల్లుపోకుండా టైపు కొట్టడం మా పని.

ఆ మానిటర్లను విజయవాడ నుంచి తెచ్చి బిగించిన మెకానిక్ పేరు షేక్ యాసిన్. అప్పటికి నలభై దాటాయి ఆయనకి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టర్ ఉండేది. వన్‌టౌన్‌లో వాళ్ళ నాన్నది రేడియో రిపేరు కొట్టు. నాన్న దగ్గర రేడియోలు, తర్వాత టీవీలు, చివరికి కంప్యూటర్లు నేర్చుకున్నాడు. చదివింది పదో తరగతి. ఇంగ్లీషు మాత్రం మానిటర్ పెట్టెల్లో వచ్చే చిన్న పుస్తకాలు చదివి నేర్చుకున్నాడట. అందరూ అట్టపెట్టెతో పాటు పారేసే ఆ పుస్తకాలను ఆయన ఇంటికి తీసుకెళ్ళి దాచుకునేవాడు.

బిగించడం అయ్యాక మమ్మల్నందరినీ ఒక మానిటర్ చుట్టూ నిలబెట్టి, కింద మూలన ఉన్న చిన్న స్టిక్కర్ చూపించాడు.

"ఇది కంపెనీవాడు తన ఇష్టమొచ్చినట్టు వేసుకునే బొమ్మ కాదమ్మా. స్వీడన్ అని ఒక దేశం ఉంది. అక్కడ మీలాగే ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళ సంఘం పెట్టిన గుర్తు. టీసీఓ అంటారు. పొద్దస్తమానం తెర ముందు కూర్చునేది మేము, అది ఎట్లా ఉండాలో మేమే చెప్తాం అన్నారు వాళ్ళు. బొమ్మ వణక్కూడదు. అద్దం దగ్గర కరెంటు ప్రభావం ఇంతకి మించకూడదు. మనం వాడనప్పుడు దానంతటది ఆరిపోవాలి. ప్లాస్టిక్కులో ఫలానా విషాలు కలపకూడదు. ఇవన్నీ పరీక్ష చేశాకే ఈ గుర్తు ఇస్తారు."

"అయితే మా కళ్ళకేం కాదుగా అండీ?" అని అడిగింది మనోజ్ఞ. నా పక్క సీటు ఆ అమ్మాయిదే.

"గంటకోసారి లేచి అటూ ఇటూ తిరగండి. అంతకి మించి భయం లేదు," అన్నాడు.

గుమాస్తాలు సంఘం పెట్టుకుని, కంపెనీలకి షరతులు పెట్టి, వాటిని లోకమంతా ఒప్పించడం ఆయనకి మహా గొప్పగా ఉండేది. తన సొంత ఊళ్ళో జరిగినట్టు చెప్పేవాడు. మేము నమ్మాం.

ఆ మాట చెప్పేనాటికి ఆయనకి తెలిసింది ఎంత, తెలియంది ఎంత అని చాలా ఏళ్ళు ఆలోచించాను. తర్వాతెప్పుడో ఆయన భార్య జైతూన్ బీ చెప్పగా నాకు అర్థమైంది ఇది. మా సెంటర్‌కి పనిచ్చేది హైదరాబాదు కంపెనీ. దానికి పనిచ్చేది విదేశీ కంపెనీ. ఆపరేటర్ల ముందున్న ప్రతి మానిటర్‌కీ ఆ గుర్తు ఉండాలన్నది విదేశం వాళ్ళ షరతు. ఆ సరుకు తెచ్చిపెడతానని ఒప్పుకున్నవాడు యాసిన్ గారి యజమాని తిరుపతిరావు. చెన్నై నుంచి పెట్టెలు వచ్చాయి. వాటిమీద గుర్తులు లేవు. మర్నాడు తిరుపతిరావు స్టిక్కర్ల కట్ట ఒకటి తెచ్చి యాసిన్ గారి చేతిలో పెట్టాడు.

"రవాణాలో ఊడిపోయాయంట యాసిన్. కంపెనీవాళ్ళు వేరేగా పంపారు. అంటించెయ్."

ఆయన అంటించాడు. ఇరవై నాలుగూ, వంకర లేకుండా, మూలకి సరిగ్గా.

"నమ్మారా?" అని నేను జైతూన్ బీని అడిగాను.

"నమ్మకపోతే ఆ పూట అన్నం తినేవాడు కాదమ్మా. తిన్నాడు," అందామె.

దసరా వెళ్ళేసరికి మాలో సగం మందికి తలనొప్పులు మొదలయ్యాయి. సాయంత్రం బస్సెక్కితే కిటికీలోంచి చెట్లు కూడా వణుకుతున్నట్టుండేవి. మనోజ్ఞకి అందరికంటే ఎక్కువ. మధ్యాహ్నం మూడయ్యేసరికి కణతలు పట్టుకుని కూర్చునేది. రెండుసార్లు మెట్ల మీదే వాంతి చేసుకుంది. ఓనరు పద్మావతమ్మ గారు మంచినీళ్ళిచ్చి, కొబ్బరినూనె రాసుకోమని చెప్పింది.

డిసెంబరులో మనోజ్ఞ మానిటరే ఆగిపోయింది. యాసిన్ గారు వచ్చి, దాన్ని బోర్లా పెట్టి వెనక డొప్ప ఊడదీశాడు. లోపలికి టార్చి వేసి చూస్తూ అలాగే ఉండిపోయాడు. రెండో మానిటర్ విప్పాడు, మూడోది విప్పాడు. పిక్చర్ ట్యూబు మెడ దగ్గర తయారైన సంవత్సరం రాసి ఉంటుంది. మూడింటి మీదా 1993. పైన స్టిక్కర్ మీదున్నది 99. ఎక్కడో ఆరేళ్ళు వాడి పారేసినవాటికి రంగు వేసి, మా ముందు పెట్టారు.

"యాసిన్ గారూ, ఆ గుర్తు ఉంటే కళ్ళకేం కాదన్నారుగా," అంది మనోజ్ఞ. నిలదీయాలని అడగలేదు. తెలుసుకుందామని అడిగింది.

ఆయన డొప్ప బిగించి, సామాను సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

విజయవాడ వెళ్ళి నిలదీస్తే తిరుపతిరావు ఆయన్ని తిట్టలేదట. కుర్చీ చూపించి టీ తెప్పించాడట.

"ఇప్పుడేమంటావ్? బొమ్మ వస్తుందా లేదా? వస్తుందిగా."

"గుర్తు అబద్ధం అండీ."

"ఆ గుర్తు చదివేవాడెవడు ఈ జిల్లాలో, నువ్వు తప్ప? అయినా అంటించింది ఎవరు యాసిన్? నేనా?"

ఈ మాట జైతూన్ బీ నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అదే గొంతుతో.

యాసిన్ గారు మరో నాలుగు రోజులు పనిలోకి వెళ్ళి, అయిదో రోజు చల్లపల్లి వచ్చి పద్మావతమ్మ గారికి ఉన్నదంతా చెప్పాడు. గాజు తలుపు అవతల వాళ్ళిద్దరూ కనిపిస్తున్నారు. ఆవిడ మాట మాత్రం మాకు స్పష్టంగా వినపడింది.

"నాకెందుకు చెప్పారండీ ఈ సంగతి? మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా."

ఆయన ఊరుకోలేదు. హైదరాబాదు కంపెనీకి ఉత్తరం రాశాడు, ఆ చిన్న పుస్తకాల ఇంగ్లీషులో. వాళ్ళు ఫిబ్రవరిలో ఒక మనిషిని పంపారు. పేరు కిరీటి. పాతికేళ్ళుంటాయేమో. టై కట్టుకుని, అందర్నీ అండీ అనే మర్యాదస్తుడు. తిరుపతిరావు కారులో వచ్చాడు. యాసిన్ గారు బస్సులో వచ్చాడు, నిజమైన గుర్తున్న మానిటర్ ఒకటి ఎవరిదగ్గరో అడిగి తెచ్చుకుని, దారిపొడుగునా ఒళ్ళో పెట్టుకుని.

మా హాల్లోనే రెండు మానిటర్లను పక్కపక్కన పెట్టాడు. న్యూస్‌పేపర్ చింపి ముక్కలు ముక్కలు చేశాడు. మా మానిటర్ అద్దం దగ్గరికి తెస్తే ముక్కలు ఎగిరి అతుక్కున్నాయి. తను తెచ్చినదాని దగ్గర పెడితే కింద పడిపోయాయి. తర్వాత రెండు కంప్యూటర్లనీ నిద్రలోకి పంపాడు. తను తెచ్చిన మానిటర్ ఆరిపోయి, దీపం పసుపుగా మారింది. మాది బూడిదరంగు వెలుగుతో అలాగే వెలుగుతూ ఉంది.

"చూశారా అండీ? గుర్తు నిజమైతే ఇది ఆరిపోవాలి. వీటికి బొమ్మ వణుకు కూడా ఎక్కువ. ఈ పిల్లలు రోజుకి ఎనిమిది గంటలు దీని ముందు కూర్చుంటున్నారు."

కిరీటి శ్రద్ధగానే చూశాడు. చేతిలో ఉన్న కాగితం తిప్పాడు.

"బాగుందండీ. కానీ నా షీట్‌లో ఈ పేపర్ ముక్కల టెస్ట్ లేదు. లేబుల్ ఉందా లేదా అనే ఉంది."

"లేబుల్ దొంగది అంటున్నాగా!"

"అది మీరెలా చెప్పగలరు?"

"నేనే అంటించాను కాబట్టి."

తిరుపతిరావు నెమ్మదిగా, బాధపడుతున్నట్టు తల ఊపాడు. "విన్నారుగా కిరీటి గారూ. నేను పంపింది మంచి సరుకండీ. దారిలో ఏం మార్చాడో, ఎక్కడ అమ్ముకున్నాడో. పదేళ్ళుగా ఇంట్లో మనిషిలా చూసుకున్నాను."

కిరీటి యాసిన్ గారిని ఇంకొక్క ప్రశ్న అడిగాడు. "ఈ అమ్మాయిల తలనొప్పులు మానిటర్ల రేడియేషన్ వల్లే వచ్చాయని చెప్పగలరా?"

అవును అని ఉంటే సరిపోయేదేమో. "రేడియేషన్ సంగతి నాకు తెలీదండీ. పెద్దపెద్దవాళ్ళే తేల్చలేదు. వణుకు వల్ల కళ్ళు లాగుతాయి, అది తెలుసు."

"అంటే చెప్పలేరు," అని రాసుకున్నాడు కిరీటి.

మధ్యాహ్నం భోజనాల వేళ పద్మావతమ్మ గారు మమ్మల్ని మిల్లు ఆఫీసులోకి పిలిచింది. ఏడ్చినట్టున్నాయి ఆవిడ కళ్ళు. మానిటర్లు మార్చాలంటే ఆరు నెలలు పడుతుందనీ, ఈలోపు ఆర్డరు ఇంకో ఊరికి పోతుందనీ చెప్పింది. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. తెరల వల్ల మాకు ఏ ఇబ్బందీ లేదనీ, సదరు మెకానిక్ మమ్మల్ని అనవసరంగా భయపెట్టాడనీ అందులో ఉంది.

"బలవంతం లేదమ్మా. మీ ఇష్టం," అంది.

ఇరవై ముగ్గురం సంతకం పెట్టాం. నాది తొమ్మిదోది. చేయి వణికిందనో, కళ్ళు చెమర్చాయనో చెప్పాలని ఉంది గానీ అలాంటిదేమీ జరగలేదు. పెన్ను సరిగ్గా రాయకపోతే విదిలించి మళ్ళీ రాశాను. మనోజ్ఞ ఒక్కతే పెట్టలేదు. వారం తిరక్కుండా, కళ్ళు బలహీనంగా ఉన్నాయి, ఈ పనికి పనికిరావు అని చెప్పి ఆ అమ్మాయిని మానిపించారు. బందరులో ఒక చీరల కొట్లో చేరిందని విన్నాను. నేను వెళ్ళి చూడలేదు.

యాసిన్ గారి ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. సరుకు మార్చి అమ్ముకున్నాడన్న మాట విజయవాడ కంప్యూటర్ షాపులన్నిటికీ పాకింది. పోలీసు కేసు పెట్టలేదు. పెట్టి ఉంటే కనీసం ఎవరో ఒకరు ఆ మానిటర్లు విప్పి చూసేవాళ్ళు. మా సెంటర్ ఇంకో మూడేళ్ళు నడిచింది. తర్వాత ఆర్డరు ఫిలిప్పీన్స్ పోయిందని చెప్పి మూసేశారు. నా సంతకం నాకు తెచ్చిపెట్టింది ఆ మూడేళ్ళ జీతం, ఈ కళ్ళద్దాలు.

2008లో నాకు విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. భవానీపురంలో ఇల్లు తీసుకున్నాం. మిక్సీ పాడైతే పక్కింటివాళ్ళు సందు చివర కొట్టుకి పంపారు. చెక్క బల్ల వెనక కూర్చున్న మనిషిని చూసి వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. గడ్డం తెల్లబడింది. టీవీల పని లేదు, ఫ్యాన్లు, మిక్సీలు చేస్తున్నాడు. అందరూ పల్చటి తెరలు కొంటున్నారు, చెడితే మొత్తం మార్చేస్తున్నారు. పక్కన తలుపు దగ్గర కూర్చుని తీగ చుడుతున్నావిడే జైతూన్ బీ.

నాకంటే ముందు వచ్చినాయన ఫ్రిజ్ కొనబోతున్నాడట. "దాని మీద చుక్కల లేబుల్ వేస్తున్నారుగా యాసిన్ గారూ, అయిదు చుక్కలుంటే కరెంటు నిజంగా తక్కువ కాలుద్దంటారా?"

"కొట్టువాణ్ణి అడగండి," అన్నాడు తలెత్తకుండా.

నా వంతు వచ్చాక మిక్సీ బల్ల మీద పెట్టి, "నేను చల్లపల్లి సెంటర్‌లో పనిచేసేదాన్నండీ. శివపార్వతిని," అన్నాను.

"తెలుసు," అన్నాడు. "తొమ్మిదో సంతకం. ఆ కాగితం కాపీ తిరుపతిరావు నాకూ పంపాడు."

తప్పయిందండీ, వేరే దారి లేకపోయింది అని ఏదో అన్నాను. ఆయన మిక్సీ తిప్పి చూసి, కార్బన్లు పోయాయి, సాయంత్రం రండి అన్నాడు. క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. జైతూన్ బీ లేచి నాకు స్టూలు వేసింది. తర్వాత రోజుల్లో ఈ కథంతా చెప్పింది ఆవిడే, ఆయన నమాజుకి వెళ్ళినప్పుడు.

"ఆ పుస్తకాలు ఉన్నాయా?" అని ఒకసారి అడిగాను.

"పాత పేపర్లవాడికి వేసేశాడు. నన్ను కూడా అడగలేదు," అందామె.

కాలేజీలో నా పని కొనుగోళ్ళ విభాగంలో. ఆ ఏడాది అరవై కంప్యూటర్లు కొన్నాం. టీసీఓ లాంటి పర్యావరణ గుర్తు ఉందా అన్న గడి ఎదురుగా నేను టిక్కు పెట్టాలి. ఒక్కో మానిటర్ దగ్గరికీ వెళ్ళి వంగి చూశాను. గుర్తులు ఉన్నాయి. అవి నిజమో కాదో తేల్చడం నాకు చేతకాదు, చేతనైనాయన నాలుగు సందుల అవతలే ఉన్నాడు. ఒక్కసారి వచ్చి చూడమని అడగడానికి వెళ్ళాను.

యాసిన్ గారు స్క్రూడ్రైవర్ కింద పెట్టి, మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశాడు.

"గడి ఉందిగా అమ్మా. టిక్కు పెట్టేసుకోండి."

అరవైకీ పెట్టాను. మరుసటి సంవత్సరం ఎండాకాలంలో ఆయన కొట్టు తీసేశాడు. గొల్లపూడి వైపు ఏదో గోడౌన్‌లో కాపలా పనికి కుదిరాడని జైతూన్ బీ చెప్పింది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు ఆవిడ ఒక్కతే వచ్చి చెప్పి వెళ్ళింది.