పెదవులు కదిలాయని రాశాను

2023 వింటర్ టర్మ్ పరీక్షలు. కెనడాలో, హామిల్టన్‌లోని ఒక యూనివర్సిటీలో నేను ఇన్విజిలేటర్‌ని. అంటే హాల్లో తిరుగుతూ కాపీ కొట్టేవాళ్లను పట్టుకోవడం నా పని. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. నా కన్నుగప్పడం ఎవరి తరమూ కాదని పొగరు కూడా ఉండేది. ఆ ఏడు ఏ హాల్లో చూసినా మన పిల్లలే. వాళ్లలో ఎవరైనా దొరికితే, మన పరువు తీస్తున్నారని నాకు రెట్టింపు ఒళ్లు మండేది.

తెనాలి అమ్మాయి ప్రసన్నది ఇంజనీరింగ్. పార్ట్‌టైమ్ షిఫ్టుకు అడ్డం రాని ఎలెక్టివ్ అదొక్కటే దొరికిందని మధ్యయుగపు ఐర్లండ్ భక్తురాళ్ల కథల కోర్సు తీసుకుంది. పరీక్షలో ఆమె కళ్లు మూసుకుని పెదవులు కదపడం చూశాను. చెవిలో ఏదో పెట్టుకుందనుకుని జుట్టు పక్కకు తీయించాను. ఏమీ లేదు. అయినా అనుమానం వస్తే పంపాల్సిన ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసేశాను. ‘పెదవులు కదులుతున్నాయి’ అన్న మాట కింద గీత కూడా గీశాను.

వారం తిరక్కుండా ప్రొఫెసర్ దగ్గర్నుంచి కబురు. ప్రసన్న రాసిన రెండు పేజీల జవాబు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే దిగిందట. విచారణ వేశారు. ఒక అసైన్‌మెంట్ విషయంలో ఆమెకు ముందే హెచ్చరిక ఉంది. ఇదీ రుజువైతే సస్పెన్షన్, దాంతో స్టడీ పర్మిట్‌కు ఎసరు.

విచారణ గది బయట నన్ను చూసి దగ్గరికొచ్చింది.

“ఆంటీ, నేను కాపీ కొట్టలేదు. బట్టీ పట్టా, అంతే.”

“ఇక్కడ ఆంటీ ఏంటి? చెప్పేదేదో లోపల చెప్పుకో,” అని కసిరాను.

లోపల ఛైర్మన్, ప్రొఫెసరమ్మ, సాక్షిగా నేను. ప్రసన్న అదే మాట ఇంగ్లీషులో చెప్పింది. రెండు పేజీలు ఎవరికైనా నోటికొస్తాయా అని ఛైర్మన్ నవ్వి, నా రిపోర్టు పైకి చదివాడు. గీత గీసిన మాట రాగానే నాకు నా చదువు గుర్తొచ్చింది. విజయవాడలో ఇంటర్ చదివేటప్పుడు డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ నేను జువాలజీ నోట్సంతా అలాగే మింగాను. పరీక్షలో నా పెదవులూ కదిలేవి.

సాక్షి సలహా ఇవ్వకూడదు. అయినా ఆగలేక, “ఆమెను ఇక్కడే అప్పజెప్పమనండి,” అన్నాను.

ప్రసన్న రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. ఛైర్మన్ కలం చేతిలోకి తీసుకున్నాడు. అయిపోయింది, ఈ పిల్లను నేనే ముంచాను అనుకున్నాను. అప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఇక ఆగలేదు.

ఆమె అప్పజెప్పిన కథ ఇది: ఆ రోజుల్లో ఐర్లండ్‌లో పెద్దమనిషి అన్యాయం చేస్తే, బాధపడినవాళ్లు అతని గుమ్మం ముందు పస్తు కూర్చునేవారట. ఒక సన్యాసిని, పోయినవాడి ఆత్మకు విముక్తి కావాలని ఏకంగా దేవుడి మీదే అలా పస్తు కూర్చుంది. ఆయన దిగొచ్చాడు. ప్రసన్న రెండో పేజీ చివరికొచ్చేదాకా ప్రొఫెసరమ్మ పుస్తకంలో వేలు పెట్టుకుని వెంటే చదివింది.

“నోటికొచ్చింది సరే. అర్థమైందా?” అని అడిగింది.

“మా నాయనమ్మ ఇంతే మేడం. కోపమొస్తే తాతయ్యను ఒక్క మాటనేది కాదు, అన్నం మానేసేది. ఆయనకు ముద్ద దిగేది కాదు. ఈ సన్యాసిని దేవుణ్ణి ఇంట్లో మనిషే అనుకుంది.”

ప్రొఫెసరమ్మ పుస్తకం మూసేసింది. “మరి ఇది ఎందుకు రాయలేదు?”

“అది పుస్తకంలో లేదు కదా మేడం.”

కేసు కొట్టేశారు. ఆ ఒక్క జవాబు సొంత మాటల్లో మళ్లీ రాయమన్నారు. బయటికొచ్చాక, తప్పు నాదేనని ప్రసన్నకు చెప్పాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. “పర్లేదు ఆంటీ,” అంది. ఈసారి నేను కసరలేదు.

ఇప్పుడు హాల్లో ఎవరి పెదవులైనా కదిలితే వెంటనే కలం తీయను, కాసేపు నిలబడి చూస్తాను. కానీ ఆ పద్నాలుగేళ్లలో నేను పట్టిచ్చినవాళ్లలో ఎంతమంది నిజానికి పాఠం అప్పజెప్పుకున్నవాళ్లో నాకు ఇక తెలిసే దారి లేదు. వాళ్లనెవరూ అప్పజెప్పమని అడగలేదు.