ఐదో గది ఫిర్యాదులు

ఎవరైనా కొత్త చోటికి వెళితే ముందు కూర్చోడానికి కుర్చీ వెతుక్కుంటారు. మా తాతయ్య ఫిర్యాదుల పుస్తకం వెతుక్కునేవాడు.

"మీ ఫిర్యాదుల పుస్తకం ఎక్కడుందండీ?" అని అడిగేటప్పుడు ఆయన గొంతులో కోపం మచ్చుకైనా ఉండేది కాదు. చుట్టాలింటికి వెళ్ళి పిల్లలేరీ అని అడిగినంత ఆప్యాయంగా అడిగేవాడు. సినిమా హాల్లో అడిగాడు. మంగలి దుకాణంలో సగం గడ్డం గీయించుకుని అడిగాడు. మా అమ్మ పెళ్ళిలో, పెళ్ళికూతురి తండ్రి అయ్యుండీ, తనే కుదుర్చుకొచ్చిన వంటవాళ్ళని అడిగాడు. లేదంటే ఇంకా సంతోషం. చొక్కా జేబులోంచి సన్నపాటి పుస్తకం ఒకటి తీసి, "ఇది ఉంచుకోండి, మొదటి పేజీ నేను నింపేశాను" అని చేతిలో పెట్టేవాడు.

ఆయన్ని అనీ లాభం లేదు. ముప్పై రెండేళ్ళు సిటీ బస్సుల డిపోలో ఫిర్యాదుల విభాగం గుమస్తా. ఊళ్ళో ఏ కండక్టరు చిల్లర ఇవ్వకపోయినా, ఏ డ్రైవరు స్టాపు దాటించి ఆపినా, ఆ ఉత్తరం తిరిగి తిరిగి తాతయ్య బల్ల మీదే వాలేది. చదివీ చదివీ ఆయనకొక శాస్త్రం అబ్బింది. ఫిర్యాదులో తేదీ, వేళ, చోటు ఉండాలి. తిట్టు ఉండకూడదు. కింద సంతకం ఉండి తీరాలి. "సంతకం లేని ఫిర్యాదు చీకట్లో విసిరిన రాయి. ఎవరికి తగిలిందో మనకి తెలీదు, ఎవరు విసిరారో వాళ్ళకి తెలీదు" అనేవాడు.

నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివి, మూడోసారి అదే బెంచీ మీద కూర్చోడానికి మొహమాటపడి, కుట్టుపనిలో చేరిన మనిషిని. నాకొచ్చిన నాలుగు ముక్కలూ తాతయ్య పుణ్యమే. ఇంట్లో కూడా ఒక పుస్తకం పెట్టాడు మరి. మేకుకి వేలాడదీసి, పెన్సిలుకి దారం కట్టాడు. పదేళ్ళ వయసులో నేను అందులో, "తాతయ్య గురక పెడుతున్నాడు, ముందు గది, రాత్రంతా" అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు కింద జవాబు ఉంది: "విచారణ జరుపబడును." నాలుగు రోజులు పోయాక ఇంకో జవాబు: "విచారణలో ఫిర్యాదు వాస్తవమని తేలినది. నివారణోపాయము కనుగొనబడలేదు. చింతించుచున్నాము."

అలాంటి ఇంట్లో అమ్మమ్మకి జబ్బు చేసింది. కడుపులో గడ్డ ఇక మందులకి లొంగదని డాక్టర్లు చేతులెత్తేశారు. మాది రెండో అంతస్తు. మెట్లు నిచ్చెనకి అన్నదమ్ములు. నొప్పి వచ్చినప్పుడల్లా సూదిమందు వేసే మనిషి కోసం పరుగు. అమ్మ చిక్కి సగమైంది. అప్పుడు డాక్టరే చెప్పాడు, మా పేటలో హాస్పిస్ ఒకటుందని. జబ్బు నయం చేస్తామని అక్కడ మాటివ్వరట, నొప్పి లేకుండా చివరిదాకా చూసుకుంటామని మాత్రం మాటిస్తారట.

ఆ మాట వినగానే అమ్మ ఏడ్చింది. అమ్మమ్మ, "కిటికీ ఉంటుందా?" అని అడిగింది. తాతయ్య చొక్కా తొడుక్కుని, "పదండి, తనిఖీ చేసొద్దాం" అన్నాడు.

తొమ్మిది గదుల పెంకుటిల్లు అది. మధ్యలో పొడుగాటి వసారా, చివర వంటగది. తెల్లచీరలో ఒకావిడ ఎదురొచ్చింది. అందరూ ఆవిడని పెద్ద సిస్టర్ అంటారు. మాకు అన్నీ చూపిస్తూ ఐదో గదిలోకి తీసుకెళ్ళింది. తాతయ్య ఇంకేమీ వినకుండా చెప్పులు విప్పి మంచమెక్కి పడుకున్నాడు.

"నాన్నా, లే. ఏంటది?" అంది అమ్మ.

"నేను పేషెంటుని. నాతో మాట్లాడకు" అని కళ్ళు మూసుకుని, తలగడ పక్కనున్న గంట నొక్కి, చేతి గడియారం మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు.

నలభై సెకన్లకి ఒక పిల్ల సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. గిన్నెలు తోముతోందేమో, మోచేతుల దాకా నీళ్ళు కారుతున్నాయి.

"ఏం కావాలి పెద్దాయనా?"

"ఏమీ అక్కర్లేదమ్మా. చేతులు తుడుచుకోలేదేం?"

"గంట మోగింది కదండీ."

తాతయ్య లేచి కూర్చున్నాడు. ఆ గదికి అప్పుడే ఒప్పుకున్నాడని నాకర్థమైంది. కానీ పుస్తకం సంగతి మిగిలిపోయింది. అడిగాడు. పెద్ద సిస్టర్ తెచ్చిచ్చింది. తిప్పి చూస్తే పుస్తకమంతా దీవెనలే. దేవతలు మీరు, మీ రుణం తీర్చుకోలేము, అన్నీ చాలా బాగున్నాయి.

"ఒక్క ఫిర్యాదూ లేదేంటమ్మా?" అన్నాడు తాతయ్య దిగులుగా.

"లేకపోతే మంచిదే కదండీ?"

"ఫిర్యాదు లేని చోట్లు రెండే ఉంటాయి. ఒకటి స్వర్గం. రెండోది, జనం నోరు మూసుకున్న చోటు. స్వర్గానికి ఇంత చిన్న గేటు ఉండదు" అన్నాడు. అని, ఆ దీవెనల కింద మొదటి ఫిర్యాదు రాశాడు: "నేటి ఉదయం పదిన్నరకు, ఐదో గదికి సిస్టరు తడి చేతులతో వచ్చినది." సంతకం.

అమ్మ సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది.

అమ్మమ్మని ఆ వారమే చేర్పించాం. కిటికీలోంచి ఒక బడి ఆటస్థలం కనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత మొదటిసారి అమ్మమ్మ ఒక రాత్రంతా నిద్రపోయింది. పొద్దున్నే నేను వెళ్తే, "ఆ పిల్లల్లో ఒకడు బంతి పట్టడమే చేతకాని వెధవ, అయినా వాడినే గోలు దగ్గర నిలబెడుతున్నారే" అని నవ్వింది. ఆ నవ్వు చూసి అమ్మ వసారాలోకి పోయి ముక్కు చీదుకుంది.

తాతయ్య ఉదయం ఎనిమిదింటికల్లా అక్కడికి చేరేవాడు. సాయంత్రందాకా అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని డిపో కథలు చెప్పేవాడు. ముప్పై ఒకటో నంబరు బస్సులో మేకతో ఎక్కినవాడు, మేకకి సగం టిక్కెట్టా పూర్తి టిక్కెట్టా అని రాసిన ఉత్తరం, దానికి డిపో మేనేజరు ఇచ్చిన జవాబు. మధ్యమధ్యలో, "ఇప్పుడే వస్తా" అని లేచి వసారాలో పడి తిరిగేవాడు. తిరిగొచ్చి పుస్తకంలో రాసేవాడు. రోజుకి రెండు, ఒక్కోరోజు నాలుగు. మూడు వారాల్లో ఆ దీవెనల పుస్తకం అయిపోయి కొత్తది కొనాల్సొచ్చింది. సిస్టర్లు ఆయనకి కంప్లైంటు తాత అని పేరు పెట్టారు.

ఒకనాడు అక్కడి ఆయా నన్ను వంటగది దగ్గర ఆపింది. "మీ తాతకి కాస్త చెప్పుకోమ్మా. ఈ తొమ్మిది గదుల కోసం పదకొండు మంది లైన్లో ఉన్నారు. నచ్చనివాళ్ళు పోతే వచ్చేవాళ్ళకి కరువా? పెద్ద సిస్టర్ రేపు మీ అమ్మని రమ్మంటోంది. ఆ పుస్తకం గురించేనట."

అమ్మకి చెబితే ఆవిడ నేరుగా వెళ్ళి తాతయ్య ముందు నిలబడింది.

"నాన్నా, అమ్మని ఇక్కడినుంచి పంపించేస్తే ఎక్కడికి తీసుకెళ్ళను? ఆ మెట్లు మళ్ళీ ఎక్కించనా? అమ్మ నిద్రపోతోంది నాన్నా. ఇన్నాళ్ళకి నిద్రపోతోంది. ఆ పుస్తకం ముట్టుకోనని చెప్పు."

తాతయ్య గోడ గడియారం వైపు చూశాడు. "ఇవాళ్టిది రాసేశాను" అన్నాడు మెల్లగా.

మర్నాడు అమ్మ ఇంట్లో ఉన్న మంచి చీర కట్టుకుని, దారి పొడుగునా క్షమాపణ వల్లెవేసుకుంటూ వచ్చింది. ఏడుపొస్తే మిగతాది నేను చెప్పాలని నన్ను వెంట తెచ్చుకుంది. పెద్ద సిస్టర్ బల్ల మీద ఆ పుస్తకం తెరిచే ఉంది.

"ముసలాయన, అలవాటు మానుకోలేడండీ, మీరు పెద్ద మనసు చేసుకుని..." అని అమ్మ మొదలుపెట్టింది.

"ముందు ఇది చదవండి" అని పుస్తకం మా వైపు తిప్పింది ఆవిడ.

చదివాను. దుప్పటి మడత వీపుకి గుచ్చుకుంటోంది. ఫ్యాను చప్పుడు చేస్తోంది. స్నానం చేయించేటప్పుడు తలుపు వారగా తెరిచి ఉంటోంది, సిగ్గుగా ఉంటోంది. టీలో పంచదార ఎక్కువైంది. అదే రోజు, అదే సాయంత్రం, టీలో పంచదార చాలడం లేదు. అన్నిటి కిందా తాతయ్య గొలుసుకట్టు సంతకమే.

ఆయనకి మతి తప్పుతోందనుకున్నాను. తర్వాత ఇంకోటి తట్టింది.

"మా తాతయ్య టీ తాగడండీ. అల్సరు. నేను పుట్టక ముందే మానేశాడు" అన్నాను.

"నాకూ ఆ టీ దగ్గరే అనుమానమొచ్చిందమ్మా" అంది పెద్ద సిస్టర్. "పంచదార ఎక్కువైంది ఏడో గది టీచరమ్మకి. చాలనిది రెండో గది లారీ డ్రైవరుకి. మీ తాతగారు పొద్దున్నే ఒక్కో గదిలోకీ వెళ్ళి కూర్చుంటారు. ఊసుపోక కబుర్లనుకున్నాం. వాళ్ళ నోట మాట రాబట్టుకొచ్చి, పేరు బయటపెట్టకుండా తన మీద వేసుకుని రాస్తున్నారు."

"వాళ్ళే మీతో చెప్పొచ్చు కదండీ" అంది అమ్మ.

"చెప్పరమ్మా. మేం తినిపిస్తే తింటారు, మేం పక్కకి తిప్పితే తిరుగుతారు. మా మీద ఎలా చెబుతారు? ఏడేళ్ళుగా ప్రతి గదికీ ఫారం ఇస్తున్నాను, మా సేవలు ఎలా ఉన్నాయో టిక్కు పెట్టమని. అందరూ 'చాలా బాగున్నాయి' దగ్గరే పెడతారు. ఆ టీచరమ్మ దుప్పటి మడత మీద పదకొండు రోజులు పడుకుని కూడా అక్కడే పెట్టింది. నేనేమో ఆ ఫారాలు చూసుకుని మురిసిపోయాను."

అమ్మ వల్లెవేసుకొచ్చిన క్షమాపణ ఏమైందో తెలీదు. "మరి మమ్మల్ని పంపించెయ్యరా?" అంది చిన్నపిల్లలా.

"మిమ్మల్ని పంపిస్తే మాకు తప్పులు చెప్పేదెవరు? పిలిచింది ఈ నిన్నటి ఫిర్యాదు కోసం. దీని మీద చర్య తీసుకోవాలంటే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి" అని ఆవిడ చివరి పేజీ మీద వేలుపెట్టింది.

"ఐదో గదిలోని పేషెంటు నిద్రకు ఆమె భర్త అంతరాయము కలిగించుచున్నాడు. ఆమె కళ్ళు మూతలు పడుచున్ననూ మొహమాటమునకు ఊ కొట్టుచున్నది. కావున భోజనానంతరము రెండు నుండి నాలుగు గంటల వరకు అతనిని గది వెలుపల కూర్చుండబెట్టవలసినది. ఇట్లు, సదరు భర్త."

అమ్మ ముందు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని నేను నోరు తెరవబోయాను. చూస్తే నవ్వుతోంది. పెద్ద సిస్టర్ కూడా నవ్వింది. అలా ముగ్గురం నవ్వుకుంటూనే ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేశాం.

ఆ రోజు నుంచి రెండింటికి ఆయా ఒక చెక్కకుర్చీ తెచ్చి ఐదో గది బయట వేసేది. తాతయ్య బడిలో శిక్షపడిన పిల్లాడిలా చేతులు కట్టుకుని అందులో కూర్చునేవాడు. నాలుగు కొట్టేదాకా లోపలికి తొంగి కూడా చూసేవాడు కాదు. "ఒక్క నిమిషం లోపలికి రా తాతయ్యా, ఎవరు చూస్తారు" అని నేను ఊరిస్తే, "చర్య అమల్లో ఉంది, నువ్వు పో" అనేవాడు.

అమ్మమ్మ ఆ గదిలో నాలుగు నెలలుంది. ఇప్పుడు తలుచుకుంటే నాకు మందుల వాసన గుర్తురాదు. గోలు దగ్గర బంతి వదిలేసే ఆ పిల్లాడూ, వసారాలో చెక్కకుర్చీలో తాతయ్యా గుర్తొస్తారు. ముఖ్యంగా ఒక మధ్యాహ్నం.

కుర్చీ వేయడం మొదలుపెట్టి పది రోజులైంది. నేను దుకాణంలో కాజాలు కుట్టడం ముగించి వచ్చేసరికి రెండుంపావు. తాతయ్య కుర్చీలో ఉన్నాడు. లోపల గంట మోగింది. ఆ పిల్ల సిస్టర్ పరుగున వెళ్ళి, వెంటనే బయటికొచ్చి, ఫిర్యాదుల పుస్తకం పట్టుకుని మళ్ళీ లోపలికెళ్ళింది. కాసేపటికి ఆ పుస్తకం తెచ్చి తాతయ్య ఒళ్ళో పెట్టింది.

"మీరు చూడాలన్నారు అమ్మమ్మగారు."

వణికిన చేతి రాత. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. నేను ఆయన భుజం మీదుగా చదివాను: "బయట కూర్చున్న మనిషి చప్పుడు చేయకపోవడం వలన నాకు నిద్ర పట్టడం లేదు."

తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, ఇంకోసారి చదివాడు.

"దీని మీద చర్య తీసుకునేదెవరు?" అని అడిగాడు.

"పెద్ద సిస్టరండీ. బయటికెళ్ళారు, నాలుగింటికి వస్తారు."

"నాలుగింటిదాకా ఆగితే కేసు పాడైపోతుంది" అని తాతయ్య లేచి, కుర్చీ తనే ఎత్తుకుని, తలుపు చట్రానికి రెండుసార్లు కొట్టుకుంటూ లోపలికి వెళ్ళాడు. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"మేక ఎక్కడిదాకా వచ్చింది?" అంది అమ్మమ్మ కళ్ళు మూసుకునే.

"రెండో స్టాపు దాటింది. మధ్యలో నిద్రపోతే?"

"పోతే పోతాను. మీరు ఆపకండి. ఆ కుర్చీ కాస్త ఇటు లాక్కోండి. అంత దూరంనుంచి చెబితే బస్సు నాదాకా రాదు."