మేస్త్రీగారు ఏం చేసేవారో

మేస్త్రీగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్న ఫోను వచ్చింది. అప్పుడు నేను బెజవాడలోనే ఒక హోటల్ హాల్లో పాతిక మంది మేనేజర్ల ముందు నిలబడి ఉన్నాను. ఉద్యోగులకు పని మీద మనసు నిలిచేలా చేయడం ఎలా అన్నది ఆ రోజు నేను చెప్పాల్సిన పాఠం. కొన్నేళ్ళుగా నా బతుకుతెరువు అదే. ఫోన్ చేసింది మా పాత షెడ్డులో పెయింటరు. "మేడం, మేస్త్రీగారు తెల్లారగట్ట పోయారండి. మధ్యాహ్నం నమాజు అయినాక తీసుకెళ్తారంట" అని చెప్పి పెట్టేశాడు.

నేను తెర మీది స్లైడు వైపు చూశాను. అందులో అయిదు సూత్రాలున్నాయి. మూడు ఆయన దగ్గర చూసి రాసుకున్నవి. మిగతా రెండూ ఆయన వద్దని నాచేత మాన్పించినవి. ఇన్నేళ్ళూ ఆ అయిదింటినీ ఒకే గొంతుతో చెప్పుకొస్తున్నానన్న సంగతి అప్పుడే తట్టింది. క్లాసు ఇంకొకరికి అప్పగించి బయటపడ్డాను.

మాది ఆటోనగర్లో బస్సులకు బాడీలు కట్టే షెడ్డు. ఇంజనూ చక్రాలూ తప్ప ఏమీ లేని ఛాసిస్ మా గేటులోంచి లోపలికి వచ్చేది. దానికి చట్రం వెల్డింగ్ చేసి, రేకులు తొడిగి, కిటికీలు, సీట్లు బిగించి, రంగు వేసి బస్సుగా బయటికి పంపేవారు. ఆ పనివాళ్ళందరికీ పెద్ద మేస్త్రీగారు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది కాబట్టి ఆ జేబు ఉతికినా తెల్లగానే ఉండేది.

తొంభైల చివర్లో, చదువు ముగించుకుని చల్లపల్లి నుంచి వచ్చి అక్కడ పర్సనెల్ ఆఫీసరుగా చేరాను. మొదటి రోజే ఓనరు గారు పిలిచి, "పనోళ్ళు నిలవట్లేదమ్మా. పని నేర్చుకోగానే పక్క షెడ్డుకి పోతున్నారు. నువ్వు చదువుకున్నదేదో చెయ్యి, వాళ్ళు నిలవాలి" అన్నారు.

నేను చదువుకున్నది చేశాను. సలహాల పెట్టె పెట్టించాను. నెలనెలా ఉత్తమ కార్మికుడి ఫొటో గోడకు తగిలించాలన్నాను. మొదటి నెల మా వెల్డరు ఫొటో పెట్టాం. షెడ్డు మొత్తంలో అంత చక్కటి చెయ్యి ఇంకొకరికి లేదు. నాలుగో రోజు మేస్త్రీగారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఆ ఫొటో తీయించేయండి."

"ఎందుకండీ? అతను బాగా చేస్తాడని మీరే కదా చెప్పారు?"

"చేస్తాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒకసారి చూడండి."

వెళ్ళి చూశాను. రోజూ నలుగురైదుగురు గుండ్రంగా కూర్చుని తినేవాళ్ళు. ఆ రోజు వెల్డరు ఒక్కడే స్టాకు రేకుల పక్కన కూర్చుని గబగబా తింటున్నాడు. సాయంత్రానికి ఫొటో తీయించేశాను. తనే గెలిచినట్టు ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు.

సలహాల పెట్టెలో నెల తిరిగేసరికి ఒకే ఒక్క కాగితం పడింది. 'రంగుల గదిలో ఫ్యాను తిరగడం లేదు' అని ఉంది. ఓనరు గారికి చూపించి రెండు రోజుల్లో బాగు చేయించాను. నా పెట్టె పనిచేసిందని సంబరపడి, ఎవరు రాశారో తెలుసా అని మేస్త్రీగారిని అడిగాను.

"నేనేనమ్మా. నోటితో మూడుసార్లు చెప్పా. పెట్టెతో చెప్తే ఏమన్నా పనవుద్దేమోనని" అన్నారు.

పొద్దున్నే ఆయన షెడ్డంతా ఒక చుట్టు తిరిగేవారు. నమస్కారాలూ కుశలాలూ ఉండేవి కావు. ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఏదో ఒకటి అడిగేవారు. ఈ తలుపు ఎందుకు ఇంత గట్టిగా పడతంది? ఈ మూల రేకు ఎండకి ఉబ్బితే ఏం చేద్దాం? కొత్తగా చేరినవాణ్ణి కూడా అడిగేవారు, వాడు చెప్పేదాకా ఆగేవారు. నిజంగానే ఆయనకు తెలియదేమోనని చాలాకాలం అనుకున్నాను. ఉండబట్టలేక ఓసారి అడిగేశాను.

"కొన్ని తెలుసమ్మా, కొన్ని తెలీదు. ఏవి తెలుసో వాళ్ళకి చెప్పను" అన్నారు.

ఆయన ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు. మెచ్చుకోవాలని పుస్తకాలన్నీ చెబుతాయి, నేనూ చెబుతాను. మరి ఆయన మెచ్చుకోకపోయినా ఆ షెడ్డులో జనం ఆయన వచ్చే వేళకి ఎందుకు సర్దుకుని నిలబడేవారో నాకు అంతుపట్టలేదు. భయమా అంటే, ఆయన ఎవరినీ కసిరినట్టు కూడా గుర్తులేదు.

నేను చేరకముందు నుంచీ ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. బస్సు పూర్తయ్యాక, దాన్ని అప్పగించే ముందు, కట్టినవాళ్ళందరినీ ఎక్కించుకుని బందరు రోడ్డు మీద పామర్రు దాకా వెళ్ళి రావాలి. అక్కడ టీ తాగి వెనక్కి తిరగాలి. ఎవరు చేసిన పని దగ్గర వాళ్ళు కూర్చోవాలి. డీజిలు దండగని ఓనరు గారు గొణిగేవారు. ఒక వానాకాలం అలా వెళ్తుంటే, ఉయ్యూరు దాటాక ఒక కిటికీ కారడం మొదలైందట. ఆ కిటికీ బిగించినతను దాని పక్కనే కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అతనూ సీటు మారలేదు. తడుస్తూనే పామర్రు వెళ్ళి, తడుస్తూనే తిరిగొచ్చాడు. మర్నాడు నేను వచ్చేసరికి ఆ కిటికీ ఊడదీసి నేల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఆ పద్ధతికి నేను ఇంగ్లీషులో ఒక పేరు పెట్టి రిపోర్టు రాశాను. ఓనరు గారు పొంగిపోయి, వ్యాపారస్తుల సమావేశమొకటి జరిగితే నాచేత దాని గురించి మాట్లాడించారు. చప్పట్లు కొట్టారు. మేస్త్రీగారి ఊసు నేను ఎత్తలేదు. కావాలని కాదు, ఎత్తాలన్న ఆలోచనే రాలేదు. మర్నాడు మనసాగక ఆయనకు చెప్పాను. "మంచిదమ్మా. అయితే దానికో పేరుందన్నమాట" అన్నారు. నవ్వారో లేదో గడ్డంలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మేమిద్దరం నిజంగా గొడవపడింది వెల్డరు గురించి. అతను వెళ్ళిపోతానంటే, ఓనరు గారిని ఒప్పించి జీతం పెంచి ఆపాను. పది రోజుల తర్వాత అతను వచ్చి, మైలవరంలో సొంతంగా షాపు పెట్టుకుంటున్నానని, మేస్త్రీగారే వెళ్ళమన్నారని చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. నేరుగా షెడ్డులోకి వెళ్ళాను.

"మీరే పంపించేస్తుంటే ఇంక నేనిక్కడ ఎందుకండీ?"

"వాడి చెయ్యే ఇక్కడుందమ్మా. వాడు ఆర్నెల్లుగా ఇక్కడ లేడు."

"ఉండమని మీరు ఒక్క మాటంటే ఉండేవాడు."

"ఉండేవాడు. ఉండి?"

తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చేశాను. ఆ ఏడు ఇంకో ముగ్గురు వెళ్ళారు. ఓనరు గారితో మాటలు పడ్డది నేనే. అలా వెళ్ళినవాళ్ళు కొత్తవాళ్ళను మా షెడ్డుకే పంపేవారన్నది నిజం. పంపినవాళ్ళలో కొందరు మంచి పనివాళ్ళు, కొందరు కారు. ఏది లాభమో ఏది నష్టమో తేల్చుకోలేకపోయాను.

ఏడాదిన్నరకు వెల్డరు తిరిగొచ్చాడు. షాపు నడవడం లేదు, మళ్ళీ చేర్చుకోమన్నాడు. మేస్త్రీగారు చేర్చుకోలేదు. టీ ఇప్పించి, బస్సెక్కించి పంపేశారు. అది నాకు చాలా కఠినంగా అనిపించింది. అడిగినా ఆయన ఏమీ చెప్పలేదు. చాలా రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను.

మొన్న ఆయన ఇంటి ముందు ఆ వెల్డరు కనిపించాడు. జుట్టు నెరిసింది. పక్కకు పిలిచి ఆ మాటే అడిగాను.

"ఎందుకు చేర్చుకోలేదో నాకూ తెలీదు మేడం" అన్నాడు. "ఆ వచ్చే ఆదివారం మాత్రం మైలవరం వచ్చారు. పొద్దున్నించి సాయంత్రం దాకా నా షాపులో స్టూలు మీద కూర్చున్నారు. ఇట్టా చెయ్యి, అట్టా చెయ్యి అన్లేదు. గిరాకీ వస్తే పక్కకి జరిగేవోరు. మళ్ళీ పై ఆదివారం వచ్చారు. అట్టా రెండు నెలలు."

"తర్వాత షాపు నడిచిందా?"

"నడవలేదండి. మూసేశాను. గొల్లపూడిలో ఒకాయన దగ్గర చేరాను. అయినా ఆ ఆదివారాలు..." అని ఆగిపోయాడు.  

రెండువేల సంవత్సరం తర్వాత కొన్నేళ్ళకు ఓనరు గారు షెడ్డు అమ్మేశారు. పనివాళ్ళందరికీ పని నుంచి తీసేస్తున్నట్టు కాగితాలు ఇవ్వాల్సింది నేను. మొదట మేస్త్రీగారిని పిలిచాను. కాగితం ఇంగ్లీషులో ఉంది. చదివి చెప్పమన్నారు. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని విన్నారు.

"బాగా రాశారమ్మా" అన్నారు.

"నేనే రాశానని ఎలా తెలుసండీ?"

"తెలుసు. మరి మీ కాగితం మీకెవరిస్తారు?"

నాకు కాగితం లేదు. ఓనరు గారి హైదరాబాదు ఆఫీసుకు నన్ను తీసుకుంటున్నారు. ఆ మాట ఆయనకు చెప్పాను. "మంచిది" అని ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ 'మంచిది' ఎన్నో రాత్రులు నా చెవుల్లో ఉంది. దీవెనగా వినబడిన రోజులున్నాయి. వేరేగా వినబడిన రోజులూ ఉన్నాయి.

అప్పటికి షెడ్డులో ఒక బస్సు సగంలో ఉంది. దాన్ని అలాగే ఇంకో షెడ్డుకు తోలించేద్దామని ఓనరు గారు అనుకున్నారు. కానీ మర్నాడు పొద్దున్న అందరూ పనికి వచ్చారు. జేబుల్లో కాగితాలతోనే రేకులు తొడిగారు, సీట్లు కుట్టారు. రమ్మని వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. మేస్త్రీగారు మామూలుగానే చుట్టు తిరిగి, మామూలుగానే ప్రశ్నలడిగారు. అంత శుభ్రమైన పని ఆ షెడ్డులో నేను అంతకుముందు చూడలేదు. వాళ్ళను నిలపడానికి నేను చేసినవన్నీ ఆగిపోయాక, నిలవడానికి ఏ కారణమూ మిగలని ఆ పన్నెండు రోజులు వాళ్ళు నిలిచారు.

"ఎందుకు చేస్తున్నారండీ?" అని అడిగాను.

"సగం బస్సు వదిలేసి ఇంటికెళ్తే అన్నం సయించుద్దా అమ్మా?" అన్నారు. మళ్ళీ తనే, "నాకూ సరిగ్గా తెలీదు" అన్నారు.

బస్సు పూర్తయిన రోజున నన్నూ పామర్రు రమ్మన్నారు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కలేదని అప్పుడే గుర్తొచ్చింది. ఎక్కాను. ఎవరి పని దగ్గర వాళ్ళు కూర్చున్నారు. నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను.

"నేనేం చేశానని ఎక్కడ కూర్చోను మేస్త్రీగారూ?" అన్నాను, నవ్వబోతూ.

ఆయన ఆ ప్రశ్నను నిజంగానే తీసుకున్నారు. బస్సంతా ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. "నిలబడితే పడిపోతారమ్మా. ముందు కూర్చోండి" అన్నారు.

తర్వాత రెండు రంజాన్లకు వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పైన ఫోన్లతో సరిపెట్టాను. అడగాల్సినవి అడగలేదు. అడిగితే చెప్పేవారా అంటే, అదీ తెలియదు.

మొన్న వన్‌టౌన్‌లో ఆ ఇంటికి వెళ్ళేసరికి సందంతా మనుషులే. నన్ను లోపలికి, ఆడవాళ్ళ దగ్గరికి పంపారు. వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఇంతమంది వచ్చారు. షెడ్డులో ఆయన ఏం చేసేవారమ్మా? ఇంట్లో ఏదీ చెప్పేవోరు కాదు" అని అడిగారు.

ఆ పొద్దున పాతిక మందికి చెప్పబోయిన మనిషిని.  "అందర్నీ ప్రశ్నలు అడిగేవారండీ" అన్నాను. ఆవిడ తలూపారు.

ఇంతలో ఆయన్ని ఉంచిన జనాజా లేపారు. ఆడవాళ్ళం మేడ మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాం. సందు ఇరుకు, మోయాలనుకునేవాళ్ళు ఎక్కువ. ముందు భుజం పట్టినవాళ్ళు నాలుగడుగులు వేసి వెనక్కి తప్పుకుంటున్నారు. వెనకవాళ్ళు ఆ భుజం కిందికి జరుగుతున్నారు. నెరిసిన తలలు, టోపీలు, జేబురుమాలు కట్టుకున్న తలలు. ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు. జనాజా ఎక్కడా ఆగలేదు, కుదుపు లేదు. ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారుతూ సందు మలుపు దాకా వెళ్ళి, అక్కడ ఎడమ వైపుకి తిరిగింది.