మగ్గం ఆడని దినం

పోయిన వారం ఆదోనిలో మా నాయనను బీపీ మందుల కోసం ఆసుపత్రికి తీసుకుపోతే, అరవై దాటినవాళ్ళందరికీ జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తున్నామంటూ నర్సు ఆయనను కూర్చోబెట్టి, ఈ రోజు ఏ వారమని అడిగింది. బుధవారమని నాయన సరిగ్గానే చెప్పాడు. కానీ చెప్పేముందు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణానికే నాకు మా తాత గుర్తొచ్చాడు.

ఆరేడేళ్ళ కిందట, డిప్లొమా ముగించి పత్తి జిన్నింగు మిల్లులో మోటార్లు చూసే పనిలో కొత్తగా చేరినప్పుడు, ఇదే పరీక్షకు ఎమ్మిగనూరు నుంచి మా తాతను నేనే తీసుకొచ్చాను. బతుకంతా మగ్గం నేసిన మనిషి. అడిగిందే అడగడం, కళ్ళద్దాలు బియ్యం డబ్బాలో పెట్టడం మొదలయ్యేసరికి జేజి, అంటే మా నాయనమ్మ, భయపడి, చూపించమని నా వెంటబడింది. మోటారు చెడితే బాగున్న భాగాలను ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టడం నాకు అలవాటు; అట్లాగే తాత పక్కన నిలబడి, పేరు సరి, ఊరు సరి, గడియారం బొమ్మ సరి, గుర్తుపెట్టుకోమన్న మాటల్లో గొడుగు, రైలు సరి, మామిడి పోయింది, అని మనసులో టిక్కులు పెట్టుకుంటూ ఉండగా డాక్టరమ్మ, ఈ రోజు ఏం రోజు తాతా, అని అడిగింది.

“అమావాస్య.”

“అమావాస్య అయిపోయింది కదా తాతా?”

“మా వీధిలో పొద్దున్నుంచి ఒక్క మగ్గమూ ఆడల్యా. అమావాస్య కాకపోతే ఏందమ్మా? దినమే తెలీకుంటే నువ్వు మందులెట్ల ఇస్తావు?”

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నెలంతా టకటకలాడే మగ్గాల వీధి అమావాస్యనాడు మాత్రం ఊరుకుంటుందని, ఆ రోజు నేత ముట్టరని, అట్లాంటి వీధుల్లో పెరిగిన నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు. అయితే అప్పటికి మా వీధిలో మగ్గాలన్నీ అమ్ముడుపోయాయి, తాత కాళ్ళు దించి కూర్చుని నేసే మగ్గం గుంతను కూడా పూడ్చి బండలు పరిచాము. ఇక రోజూ నిశ్శబ్దమే. తప్పు తాతది కాదు, వీధిదని డాక్టరమ్మతో వాదించాను. కావచ్చు, ఇంట్లో గమనించి మళ్ళీ తీసుకురా అంది.

పున్నమినాడు పొద్దు గూకగానే తాతను మిద్దె మీదికి తీసుకుపోయి, ఎదురుగా నిండు చంద్రుణ్ణి చూపించాను.

“పున్నమి కదప్పా,” అన్నాడు.

నా గుండె తేలికపడింది. అంతలోనే ఆయన వీధివైపు చెవి పెట్టాడు. ముఖం మారిపోయింది.

“మరి మగ్గాలెందుకు నిలిపినారు? ఎవురు పోయినారప్పా?”

మా వీధిలో ఎవరైనా చనిపోతే, శవం లేచేదాకా ఎవరూ మగ్గంలో కూర్చునేవాళ్ళు కాదు. ఎవరూ పోలేదు తాతా, మగ్గాలు అమ్మేసినాం కదా, అని చెప్పాను. అట్లనా అని, నా మణికట్టు పట్టుకుని గొంతు తగ్గించాడు.

“నాతో దాస్తాండారా? మీ జేజి యాడుంది?”

జేజి కింద వంటింట్లోనే ఉంది, గిన్నెల చప్పుడు పైకి వినిపిస్తూనే ఉంది. ఆ ప్రశ్నతో నాకు తెలిసిపోయింది, చెడింది వీధి ఒక్కటే కాదని.

తాత పోయాడు. ఇప్పుడు నేను పొద్దున లేవగానే, ఫోను తాకకుండా ఆ రోజు ఏ వారమో చెప్పుకోవాలని చూస్తాను. కొన్నిసార్లు వెంటనే రాదు. నాకింకా ముప్పై నిండలేదు. తప్పో ఒప్పో, తాతకు దినం చెప్పడానికి ఒక వీధి ఉండేది. నేను చెవి పెడితే వినిపించేది నెత్తి మీద ఫ్యాను ఒక్కటే. అది అన్ని దినాలూ ఒక్కమాదిరే తిరుగుతుంది.